ఒకే కంప్యూటర్, వేర్వేరు అర్రలు: బ్రౌజర్ ప్రొఫైళ్ల సంగతి

బ్రౌజర్ ప్రొఫైల్ అంటే ఒకే బ్రౌజర్ లోపల ఒక మనిషికో, ఒక పనికో విడిగా కట్టిన అర్ర. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఏది వాడినా ఇంటర్నెట్‌లో తిరిగిన గుర్తులు కంప్యూటర్‌లో పడుతూనే ఉంటాయి. చూసిన పేజీల చరిత్ర, దాచిన పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు, ఫారాల్లో నింపిన పేర్లు, చిరునామాలు, తగిలించుకున్న ఎక్స్‌టెన్షన్లు, ఏ సైట్‌లో ఎవరు లాగిన్ అయి ఉన్నారో గుర్తుపెట్టుకునే కుకీలు. ప్రొఫైల్ ఒక్కటే ఉంటే ఇవన్నీ ఒకే గుట్టగా పడతాయి. రెండో ప్రొఫైల్ తెరిస్తే రెండో గుట్ట మొదలవుతుంది. ఒకదానిలోని లాగిన్ రెండోదానికి తెలియదు, ఒకదానిలో దాచిన పాస్‌వర్డ్ రెండోదానిలో కనిపించదు. కంప్యూటర్, బ్రౌజర్, నెట్ కనెక్షన్ మాత్రం మారవు.

సొంత కంప్యూటర్‌ను ఒక్కరే వాడుకునే ఇంట్లో ఇదొక సౌకర్యం. పది మంది పని ఒకే కంప్యూటర్ మీద నడిచే చోట ఇది తప్పనిసరి. నల్లగొండ జిల్లాలోని హాలియా అలాంటి చోటు. అనుముల మండలానికి కేంద్రమైన ఈ ఊరు 2018లో మున్సిపాలిటీ అయింది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే పల్లెలు దీని చుట్టూ ఉన్నాయి. అంగడికి, బ్యాంకుకు, ఎరువుల దుకాణానికి వచ్చినట్టే జనం ఆన్‌లైన్ పనికీ ఇక్కడికే వస్తారు. ఇలాంటి ఊళ్లో చాలా కుటుంబాలకు ఫోన్ ఉంటుంది గాని కంప్యూటర్ ఉండదు. ఫోన్‌లో సాగని ఫారం ఏదైనా నెట్ సెంటర్‌కు చేరవలసిందే.

ఈ అలవాటుకు పాతికేళ్ల చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2001 ఆగస్టు 25న హైదరాబాద్‌లో ఈ-సేవ మొదలైంది. కరెంటు బిల్లు, నల్లా బిల్లు ఒకే కిటికీ దగ్గర కట్టే వీలు అప్పుడు వచ్చింది. 2011 నవంబర్ 4న మీసేవ వచ్చాక ఆదాయ, కుల, నివాస ధ్రువపత్రాల దరఖాస్తులు కంప్యూటర్ మీదికి మారాయి. డిగ్రీ ప్రవేశాలు 2016లో ‘దోస్త్’తో ఆన్‌లైన్ అయ్యాయి. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ 2020 అక్టోబర్ 29న ధరణికి ఎక్కింది, 2025 ఏప్రిల్ 14న దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. స్కాలర్‌షిప్‌లకు ఈ-పాస్, పీఎం కిసాన్‌కు ఈ-కేవైసీ, ఉద్యోగాలకు పబ్లిక్ సర్వీస్ కమిషన్ వన్ టైమ్ రిజిస్ట్రేషన్. ప్రతి దానికీ ఒక లాగిన్, ఒక పాస్‌వర్డ్, ఒక ఓటీపీ. ఒక కుటుంబం పనులన్నీ కలిపితే అరడజను లాగిన్లు అవుతాయి. సెంటర్‌కు వచ్చేది ఒక కుటుంబం కాదు.

ఒకే ప్రొఫైల్ మీద ఇదంతా నడిపితే జరిగేది తేలిగ్గా ఊహించవచ్చు. ఇంటర్ పాసైన అమ్మాయి దోస్త్‌లో ఆప్షన్లు పెట్టి, లాగౌట్ చేయకుండా రసీదు తీసుకుని బస్సు ఎక్కుతుంది. తర్వాత వచ్చిన అబ్బాయికి అదే పేజీ తెరిస్తే అమ్మాయి ఖాతా ఇంకా తెరిచే ఉంటుంది. గమనించకపోతే ఒకరి ఆప్షన్లు ఇంకొకరి ఖాతాలో పడతాయి. ఫారంలో తండ్రి పేరు మొదటి అక్షరం కొట్టగానే పొద్దున వచ్చిన ఇంకొకరి తండ్రి పేరు, వాళ్ల ఊరు, వాళ్ల ఫోన్ నంబర్ వరుసగా వచ్చి కూర్చుంటాయి. రద్దీలో చూసుకోకుండా సబ్మిట్ నొక్కితే ఓటీపీ వేరే ఊరి ఫోన్‌కు పోతుంది. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే దాన్ని సరిచేయించుకోవడానికి ఎన్ని తిరుగుళ్లు తిరగాలో దరఖాస్తుదారులకు బాగా తెలుసు. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. బ్రౌజర్ తన పని తాను చేసింది, గుర్తుపెట్టుకుంది. ఎవరి సంగతి ఎవరికి గుర్తుచేయాలో దానికి ఎవరూ చెప్పలేదు.

గుర్తుపెట్టుకునే పనిలో పెద్ద పాత్ర కుకీది. వెబ్ పేజీలను పంపే హెచ్‌టీటీపీ పద్ధతికి స్వతహాగా జ్ఞాపకం లేదు. ఒక పేజీ అడిగిన మనిషే రెండో పేజీ కూడా అడుగుతున్నాడని దానికి తెలియదు. 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో పనిచేస్తున్న లూ మాంటుల్లీ దీనికి ఉపాయం కనిపెట్టాడు. సైట్ ఒక చిన్న చీటీ రాసి బ్రౌజర్‌కు ఇస్తుంది, బ్రౌజర్ మళ్లీ వచ్చినప్పుడల్లా ఆ చీటీ చూపిస్తుంది. వడ్లు అమ్మే రోజు రైతు చేతికిచ్చే టోకెన్ లాంటిదే ఇది. టోకెన్ చూపిస్తే చాలు, వరుసలో నిలబడి మళ్లీ పేరు చెప్పనక్కర్లేదు. అయితే టోకెన్‌కు మనిషితో పనిలేదు. అది ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట. లాగిన్ కుకీ కూడా అంతే. పాస్‌వర్డ్ తెలియకపోయినా, ఓటీపీ రాకపోయినా, తెరిచి ఉన్న లాగిన్ ముందు కూర్చున్నవారే ఆ ఖాతాదారు. ప్రొఫైల్ చేసే అసలు పని ఈ టోకెన్లను వేర్వేరు సంచుల్లో ఉంచడం.

ప్రొఫైల్ కొత్త ఆలోచన కాదు. 1997లో వచ్చిన నెట్‌స్కేప్ కమ్యూనికేటర్‌లోనే ప్రొఫైల్ మేనేజర్ ఉంది. ఇంట్లో ఒకే కంప్యూటర్, ఒక్కొక్కరికి వేరు ఈమెయిల్ అనే కాలం అది. నెట్‌స్కేప్ వారసత్వం అందుకున్న ఫైర్‌ఫాక్స్ 2004లో బయటికి వచ్చినప్పుడు ఆ మేనేజర్‌ను వెంట తెచ్చుకుంది గాని, తెలిసినవాళ్లకే దొరికేంత లోపల దాచింది. 2008లో వచ్చిన క్రోమ్‌కు 2011 చివరిలో 16వ వెర్షన్‌తో ఒకరి కంటే ఎక్కువ మంది వాడుకునే ఏర్పాటు అందింది. మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలో, క్రోమ్‌కూ పునాది అయిన క్రోమియం మీదే కట్టిన కొత్త ఎడ్జ్‌లోనూ, ఆపిల్ 2023లో 17వ సఫారీలోనూ ప్రొఫైళ్లు ఇచ్చాయి. ఫైర్‌ఫాక్స్ 2025లో వాటిని మెనూలో కనిపించేలా ముందుకు తెచ్చింది.

లోపల చూస్తే ప్రొఫైల్ ఒక ఫోల్డర్, అంతే. విండోస్ కంప్యూటర్‌లో క్రోమ్ తన సామానంతా ‘యూజర్ డేటా’ అనే ఫోల్డర్‌లో పెడుతుంది. మొదటి ప్రొఫైల్ అందులో ‘డిఫాల్ట్’ అనే పేరుతో, తర్వాతవి ‘ప్రొఫైల్ 1’, ‘ప్రొఫైల్ 2’ పేర్లతో ఉంటాయి. తెరమీద మనం ఏ పేరు పెట్టుకున్నా ఫోల్డర్ పేరు మారదు. ఏ బ్రౌజర్ కిటికీ ఏ ఫోల్డర్‌దో తెలియాలంటే చిరునామా పట్టీలో ‘క్రోమ్://వెర్షన్’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే ప్రొఫైల్ దారి కనిపిస్తుంది. చరిత్ర, కుకీలు, పాస్‌వర్డ్‌లు ఆ ఫోల్డర్‌లో వేర్వేరు చిన్న డేటాబేస్ ఫైళ్లుగా ఉంటాయి. ఫైర్‌ఫాక్స్‌దీ ఇదే తీరు, ఏ ప్రొఫైల్ ఎక్కడుందో రాసిపెట్టే చిన్న పట్టిక ఒకటి దానికి అదనంగా ఉంటుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. ఒకే కిటికీలో రెండు జీమెయిల్ ఖాతాలు తెరవడం, రెండు ప్రొఫైళ్లు పెట్టుకోవడం ఒకటి కాదు. ప్రభుత్వ పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయురాలికి బడి ఖాతా ఒకటి, సొంత ఖాతా ఒకటి ఉంటాయి. రెండూ ఒకే ప్రొఫైల్‌లో తెరిస్తే గూగుల్ ముందుగా తెరిచినదాన్ని ముఖ్య ఖాతాగా తీసుకుంటుంది. చిరునామా పట్టీలో కనిపించే ‘యు/0’, ‘యు/1’ ఆ వరుస నంబర్లే. పై ఆఫీసు పంపిన షీట్ లింకు నొక్కితే అది తరచుగా ముఖ్య ఖాతాతోనే తెరుచుకుంటుంది. ఆ షీట్ బడి ఖాతాకు ఇచ్చింది, ముందు తెరిచింది సొంత ఖాతా. దాంతో అనుమతి లేదనే పేజీ వస్తుంది. ఆమె అనుమతి కోరుతూ అభ్యర్థన పంపుతుంది, అవతలివారికి తెలియని పేరుతో అది చేరుతుంది. బడికి ఒక ప్రొఫైల్, ఇంటికి ఒక ప్రొఫైల్ ఉంటే ఈ తిప్పలు ఉండవు. బడి కిటికీలో నొక్కిన లింకు బడి ఖాతాతోనే తెరుచుకుంటుంది.

ఫైర్‌ఫాక్స్‌లో దీనికి మధ్యే మార్గం ఒకటుంది. 2017లో వచ్చిన మల్టీ-అకౌంట్ కంటైనర్స్ అనే ఎక్స్‌టెన్షన్ ఒకే కిటికీలో ఒక్కో ట్యాబ్‌కు రంగు గీత గీసి, కుకీలను ఆ రంగు వరకే ఉంచుతుంది. చరిత్ర, బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మాత్రం అన్నిటికీ ఉమ్మడి. ఒకే మనిషి రెండు ఖాతాలు నడపడానికి బాగుంటుంది, ఇద్దరు మనుషులకు సరిపోదు.

వచ్చిపోయేవారికి ప్రొఫైల్ కూడా సరైనది కాదు. అర్ర ఇంటివాళ్లది, వచ్చిన మనిషి అరుగు మీద కూర్చుని పని చూసుకుని లేచిపోతాడు. బ్రౌజర్‌లో ఆ అరుగు గెస్ట్ కిటికీ. క్రోమ్‌లోనూ ఎడ్జ్‌లోనూ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే వచ్చే మెనూలో ఇది ఉంటుంది. ఖాళీగా మొదలవుతుంది, ఎవరి పాస్‌వర్డ్‌లూ బుక్‌మార్కులూ అందులో కనిపించవు, మూసేశాక దానిలోని కుకీలు, చరిత్ర చెరిగిపోతాయి. దీన్ని ఇన్‌కాగ్నిటో కిటికీతో కలపకూడదు. ఇన్‌కాగ్నిటో కూడా మూసేశాక మరిచిపోతుంది గాని, అది ఏ ప్రొఫైల్ నుంచి తెరిస్తే ఆ ప్రొఫైల్ బుక్‌మార్కులను, దాచిన పాస్‌వర్డ్‌లను చూడగలదు. సెంటర్ నడిపేవారి ప్రొఫైల్ నుంచి ఇన్‌కాగ్నిటో తెరిచి కస్టమర్‌ను కూర్చోబెడితే లాగిన్ పెట్టెలో సెంటర్ వారి యూజర్ పేరే సలహాగా వచ్చే వీలుంది. కస్టమర్ పనికి గెస్ట్ కిటికీయే మేలు.

గెస్ట్ కిటికీకి ఒక షరతు ఉంది, రద్దీ రోజున దాన్ని మరవడం తేలిక. ఒకేసారి రెండు మూడు గెస్ట్ కిటికీలు తెరిస్తే అవన్నీ ఒకే సంచి వాడతాయి. ఒకటి మూసి ఇంకొకటి తెరిచే ఉంచితే మొదటి మనిషి లాగిన్ ఇంకా బతికే ఉంటుంది. ఆఖరి గెస్ట్ కిటికీ కూడా మూసినప్పుడే చెరుగుతుంది. మనిషి మారినప్పుడల్లా అన్నీ మూయడం అలవాటైతే దోస్త్ రోజుల్లో జరిగే తారుమారు చాలావరకు ఆగిపోతుంది. డెస్క్‌టాప్ మీద గెస్ట్‌కే ఒక ఐకాన్ పెట్టుకోవచ్చు. క్రోమ్ షార్ట్‌కట్‌కు ఇంకో ప్రతి తీసి, దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ వరస చివర ఒక ఖాళీ వదిలి, రెండు చిన్న అడ్డగీతలు, వాటికి ఆనుకుని ‘గెస్ట్’ అనే మాట ఇంగ్లిషులో చేర్చితే ఆ ఐకాన్ ఎప్పుడూ గెస్ట్‌లోనే తెరుచుకుంటుంది.

సెంటర్ సొంత పనికి ప్రొఫైళ్లు కావాలి. ఎన్ని అన్నది పనిని బట్టి ఉంటుంది, మనుషుల సంఖ్యను బట్టి కాదు. మీసేవ లాంటి అధికారిక లాగిన్‌కు ఒకటి, అందులో ఆ పని తప్ప ఇంకేదీ తెరవకూడదు. బ్యాంకింగ్‌కు, డబ్బు చెల్లింపులకు ఒకటి. కస్టమర్లు పంపే కాగితాలు అందుకునే వాట్సాప్ వెబ్, సెంటర్ ఈమెయిల్ కలిపి ఒకటి. ఇంటి వాడకానికి, పిల్లల చదువుకు ఒకటి. నాలుగుతో చాలావరకు గడుస్తుంది. ఇంకా పెంచుతూ పోతే ఏది ఎందులో ఉందో వెతుక్కోవడమే పనవుతుంది. పైగా తెరిచిన ప్రతి ప్రొఫైల్ తన ఎక్స్‌టెన్షన్లను విడిగా ఎక్కించుకుంటుంది కాబట్టి, పాత కంప్యూటర్‌లో 4 జీబీ ర్యామ్ ఉంటే రెండు ప్రొఫైళ్లకే అది నత్తనడక పడుతుంది.

ప్రొఫైల్ చేయడం రెండు నిమిషాల పని. క్రోమ్‌లో పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కి కొత్త ప్రొఫైల్ చేర్చమంటే అది గూగుల్ ఖాతా అడుగుతుంది. ఖాతా లేకుండానే కొనసాగే వీలు అక్కడే ఉంటుంది, సెంటర్ పనులకు అదే మంచిది. పేరు పెట్టేటప్పుడు ‘పర్సన్ 1’ అని వదిలేయకుండా తెలుగులోనే ‘మీసేవ’, ‘బ్యాంకు’, ‘ఇల్లు’ అని రాసుకోవచ్చు. ఒక్కోదానికి ఒక్కో రంగు ఇవ్వాలి. పేరు ఎవరూ చదవరు, రంగును కన్ను పడుతుంది. బ్యాంకు కిటికీ ఎర్రగా, మీసేవ కిటికీ నీలంగా ఉంటే నీలంలో రైలు టికెట్ పీఎన్‌ఆర్ వెతకబోయిన చెయ్యి తనంతట ఆగుతుంది. ప్రతి ప్రొఫైల్‌కు డెస్క్‌టాప్ ఐకాన్ చేయించుకుని టాస్క్‌బార్‌కు తగిలిస్తే ఒక్క నొక్కుతో తెరుచుకుంటుంది. క్రోమ్ మొదలవగానే ఏ ప్రొఫైల్ కావాలని అడిగే పేజీని ఆపకుండా ఉంచుకోవడం మంచిది. ఎడ్జ్‌లో పద్ధతి దాదాపు ఇదే. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలోనే ప్రొఫైళ్లు కనబడతాయి, పాత వెర్షన్లలో చిరునామా పట్టీలో ‘ఎబౌట్:ప్రొఫైల్స్’ అని కొట్టాలి.

ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఈ విభజన గట్టిగా పనిచేస్తుంది. ఒక ప్రొఫైల్‌లో తగిలించిన ఎక్స్‌టెన్షన్ ఇంకొక ప్రొఫైల్ పేజీలను చదవలేదు. ఫొటో సైజు తగ్గించేది, పీడీఎఫ్‌లు కలిపేది, వీడియోలు దించేది అంటూ సెంటర్లలో రకరకాలవి తగిలిస్తూ ఉంటారు. తెరమీద ఉన్న ప్రతి అక్షరం చదివే అనుమతి అడిగేవి వీటిలో ఉంటాయి. బ్యాంకు ప్రొఫైల్‌లో ఒక్క ఎక్స్‌టెన్షన్ కూడా లేకుండా ఉంచితే ఆ భయం దానికి అంటదు.

అయితే ప్రొఫైల్ విడదీయనివి చాలా ఉన్నాయి. వాటిలో మొదటిది, అన్నిటికంటే ప్రమాదమైనది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. ఏ ప్రొఫైల్ నుంచి దించినా, గెస్ట్ కిటికీ నుంచి దించినా, మార్చకపోతే ఫైలు వచ్చి పడేది ఒకే ఫోల్డర్‌లో. గెస్ట్ కిటికీ మూస్తే చరిత్ర పోతుంది గాని దించిన ఫైలు పోదు. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో ఆ ఫోల్డర్ తెరిస్తే కనిపించేవి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, టెన్త్ మెమోలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటోలు, భూమి పట్టాలు. పేరు, పుట్టిన తేదీ, ఖాతా నంబర్, ఫోన్ నంబర్, సంతకం, ముఖం, ఒక మనిషి పేరుతో మోసం చేయడానికి కావలసినవన్నీ ఒకే చోట. ఎవరూ దాచిపెట్టలేదు, తీసేయడానికి తీరిక దొరకలేదు, అంతే. కానీ ఆ కాగితాలు ఇచ్చినవారు పని అయ్యాక అవి పోయాయనే అనుకుని ఇంటికి వెళ్లారు. ఆ నమ్మకం ఎంత విలువైనదో సెంటర్ నడిపేవారికి వేరే చెప్పనక్కర్లేదు, ఊళ్లో ఆ నమ్మకం మీదే వారి గిరాకీ నిలబడి ఉంది.

దీనికి మార్గం బ్రౌజర్‌లోనే కొంత ఉంది. డౌన్‌లోడ్ ఎక్కడ పెట్టాలన్నది ఒక్కో ప్రొఫైల్‌కు వేరుగా నిర్ణయించవచ్చు. కస్టమర్ల కాగితాలు అందుకునే ప్రొఫైల్‌కు ‘ఈరోజు’ అనే ఫోల్డర్ ఒకటి కేటాయించి, కొట్టు మూసే ముందు దాన్ని ఖాళీ చేయడం సులువు. డిలీట్ మాత్రమే కొడితే ఫైలు రీసైకిల్ బిన్‌కు చేరుతుంది, షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే అక్కడా మిగలదు. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కాబట్టి పర్వాలేదనుకోవడం సరికాదు. పేరులో మొదటి నాలుగు ఇంగ్లిషు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపితే ఆ పాస్‌వర్డ్ అవుతుందని అందరికీ తెలుసు, ఆ రెండూ పక్క ఫైల్లోనే ఉంటాయి. నంబర్ పూర్తిగా అవసరం లేని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ దించుకోవచ్చు.

డౌన్‌లోడ్స్ తర్వాత చెప్పుకోవలసింది కాపీ, పేస్ట్. ఒక ప్రొఫైల్‌లో కాపీ చేసింది ఇంకొక దానిలో పేస్ట్ అవుతుంది. విండోస్‌లో క్లిప్‌బోర్డ్ చరిత్ర ఆన్ చేసి ఉంటే విండోస్ మీట, ‘వి’ కలిపి నొక్కగానే అంతకు ముందు కాపీ చేసిన ఖాతా నంబర్లన్నీ వరుసగా కనిపిస్తాయి. స్కానర్ పంపిన బొమ్మలు, ప్రింటర్ వరుసలో ఆగిన కాగితాలు కూడా ప్రొఫైళ్లకు అతీతమే. నెట్ కనెక్షన్ ఒకటే కాబట్టి ఐపీ చిరునామా కూడా ఒకటే. నాలుగు ప్రొఫైళ్ల నుంచి వెళ్లినా అవతలి సైట్‌కు అవి ఒకే చోటి నుంచి వస్తున్నట్టే కనిపిస్తాయి. అందుకే ప్రొఫైల్‌ను ముసుగు అనుకోకూడదు. ఐఆర్‌సీటీసీ ఒక వ్యక్తిగత ఖాతా మీద నెలకు 12 టికెట్లు, ఆధార్ జోడిస్తే 24 అనే హద్దు పెట్టింది. ఆ హద్దు దాటడానికి పది పేర్లతో పది ప్రొఫైళ్లు పెట్టి టికెట్లు అమ్మేవారు రైల్వే చట్టం కింద చిక్కుల్లో పడతారు.

ఇక తాళం సంగతి. ప్రొఫైల్‌కు తలుపు ఉంది, గడియ లేదు. బొమ్మ మీద నొక్కితే ఎవరైనా ఏ ప్రొఫైల్‌లోకైనా వెళ్లవచ్చు, పాస్‌వర్డ్ అడగదు. ఇది లోపం అనుకోనక్కర్లేదు, ప్రొఫైల్‌ను కట్టిందే పనులు కలవకుండా ఉండటానికి, మనుషులను ఆపడానికి కాదు. మనుషులను ఆపే తాళం విండోస్ ఖాతా. క్రోమ్ పాస్‌వర్డ్‌లను గుప్తం చేసి దాచేటప్పుడు విండోస్ ఖాతానే ఆధారం చేసుకుంటుంది. దాంతో అదే విండోస్ ఖాతాలో కూర్చున్నవారికి ఆ గుప్తత అడ్డం రాదు. దొంగ సాఫ్ట్‌వేర్ ఒకటి ఆ ఖాతాలోకి జొరబడితే అన్ని ప్రొఫైళ్ల ఫోల్డర్లూ పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి ఒక్క ఊపులో అన్నిటినీ ఊడ్చుకుపోతుంది. ఫైర్‌ఫాక్స్‌లో ఒక్కో ప్రొఫైల్ పాస్‌వర్డ్‌లకు ప్రైమరీ పాస్‌వర్డ్ పెట్టే వీలుంది, బ్రౌజర్ ఇచ్చే తాళాల్లో అదొక్కటే చెప్పుకోదగినది. అది కూడా పాస్‌వర్డ్‌లనే కాపాడుతుంది, తెరిచి ఉన్న లాగిన్లను కాదు.

కాబట్టి యజమాని ఒకరు, జీతానికి పనిచేసే కుర్రవాడు ఒకరు, సాయంత్రం కూర్చునే ఇంటి పిల్లలు అనుకుంటే ఒక్కొక్కరికి వేరు విండోస్ ఖాతా ఉండాలి, పిన్ ఉండాలి. ఆ ఖాతా లోపల పనులకు ప్రొఫైళ్లు. కస్టమర్‌కు గెస్ట్. కుర్చీ వదిలేటప్పుడు విండోస్ మీట, ‘ఎల్’ కలిపి నొక్కితే తెర తాళం పడుతుంది, చాయ్‌కి పోయివచ్చే ఐదు నిమిషాలకు ఇంతకంటే తేలికైన రక్షణ లేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించే అధికారం ఉన్న అడ్మిన్ ఖాతాలో రోజువారీ పని చేయకపోవడం ఇంకా మంచిది.

సింక్ అనేది ఇంకో చిక్కుముడి. గూగుల్ ఖాతాతో క్రోమ్‌లోకి సైన్-ఇన్ అయి సింక్‌కు ఒప్పుకుంటే ఆ ప్రొఫైల్ సామాను ఖాతాలోకి, ఖాతాలోని సామాను ప్రొఫైల్‌లోకి ప్రవహిస్తాయి. ఇంట్లో లాప్‌టాప్‌కు, ఫోన్‌కు మధ్య ఇది వరం. ఉమ్మడి కంప్యూటర్‌లో ఇదే శాపం అవుతుంది. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన 69వ వెర్షన్ నుంచి జీమెయిల్ తెరిస్తే చాలు, క్రోమ్ కూడా ఆ ఖాతాతో సైన్-ఇన్ అయ్యే పద్ధతి మొదలైంది. విమర్శలు రావడంతో తర్వాతి వెర్షన్‌లో దాన్ని ఆపే మీట సెట్టింగ్స్‌లో చేర్చారు. కస్టమర్ తన జీమెయిల్‌ను సెంటర్ ప్రొఫైల్‌లో తెరిచి, వచ్చిన ప్రతి పెట్టెకూ అవునని నొక్కితే అతని ఫోన్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు సెంటర్ కంప్యూటర్‌లోకి దిగుతాయి. సెంటర్ బుక్‌మార్కులు అతని ఫోన్‌లోకి ఎక్కుతాయి. తర్వాత వేరు చేయడం బియ్యంలో కలిసిన నూకలు ఏరినట్టే. కొత్త ప్రొఫైల్‌లో కొనసాగించాలా అని క్రోమ్ అడిగే పెట్టె సరిగ్గా ఈ కలయికను ఆపడానికే వస్తుంది, దాన్ని చదవకుండా మూసేయడం తగదు.

చట్టం కూడా ఇందులో ఉంది. 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనలు, జనం వచ్చి నెట్ వాడుకునే చోట వారి గుర్తింపు వివరాలు, చూసిన సైట్ల చిట్టా కనీసం ఏడాది పాటు ఉంచమంటాయి. గెస్ట్ కిటికీ చరిత్రను చెరిపేస్తుంది కాబట్టి ఈ చిట్టా బ్రౌజర్ బయట, రిజిస్టర్‌లోనూ నెట్‌వర్క్ స్థాయిలోనూ ఉండాలి. బ్రౌజర్ చరిత్రే చిట్టా అనుకుని అన్నిటినీ ఒకే ప్రొఫైల్‌లో పేర్చడం పరిష్కారం కాదు, అందులో చిట్టాతో పాటు లాగిన్లూ మిగిలిపోతాయి. 2023 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరోవైపు నుంచి మాట్లాడుతుంది. ఏ పనికి వివరాలు తీసుకున్నారో ఆ పని తీరాక, వేరే చట్టం ఉంచమనకపోతే, వాటిని తీసేయాలన్నది దాని సూత్రం. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, అమలు దశలవారీగా జరుగుతుంది.

పని తీరిన ప్రొఫైల్‌ను తీసేయడం సులువే. ప్రొఫైళ్ల పేజీలో దాని మీది మూడు చుక్కలు నొక్కి డిలీట్ అంటే ఆ ఫోల్డర్‌లోని చరిత్ర, కుకీలు, పాస్‌వర్డ్‌లు కంప్యూటర్ నుంచి పోతాయి. సింక్ చేసి ఉంటే ఖాతాలో ఉన్నవి ఖాతాలోనే ఉంటాయి, చేయకపోతే ఇక ఎక్కడా దొరకవు. బుక్‌మార్కులు కావాలనుకుంటే ముందే ఫైలుగా ఎగుమతి చేసుకోవాలి. పనిచేసే కుర్రవాడు మానేసినప్పుడు అతని విండోస్ ఖాతా తీసేయడంతో సరిపోదు, సెంటర్ లాగిన్ల పాస్‌వర్డ్‌లు కూడా మార్చాలి. అతని ఫోన్‌లో అవి సింక్ అయి ఉండవచ్చు.

సెంటర్‌లో లాగౌట్ మరిచి ఊరికి చేరినవారు మళ్లీ హాలియాకు రానక్కర్లేదు. ఫోన్‌లో గూగుల్ ఖాతా తెరిచి, సెక్యూరిటీలో ‘యువర్ డివైసెస్’ చూస్తే ఆ ఖాతా తెరిచి ఉన్న ప్రతి కంప్యూటర్ కనిపిస్తుంది, అక్కడి నుంచే సైన్-అవుట్ చేయవచ్చు. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిస్తే సెంటర్ బ్రౌజర్ పేరు, చివరగా వాడిన సమయం ఉంటాయి, దాని మీద నొక్కి లాగౌట్ అంటే తెగిపోతుంది. ఇలాంటి జాబితా చూపించని పోర్టల్ అయితే పాస్‌వర్డ్ మార్చుకుని, సెంటర్‌కు ఒక ఫోన్ చేసి ఆ గెస్ట్ కిటికీలన్నీ మూయమని చెప్పాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి. దేశమంతటా సైబర్ మోసాల ఫిర్యాదులకు అదే నంబర్.